మెదడు కణజాలంలో బీడీఎన్‌ఎఫ్‌ను యాంటీబాడీతో గుర్తించడం: ఎంపిక నుంచి ఫలితాన్ని నమ్మే దాకా

మెదడులో నాడీకణాలు నశించకుండా కాపాడుతూ, వాటి మధ్య ఉండే సంధులను బలపరిచే ప్రొటీన్లలో బీడీఎన్‌ఎఫ్ (బ్రెయిన్-డిరైవ్డ్ న్యూరోట్రోఫిక్ ఫ్యాక్టర్) ముఖ్యమైనది. 1982లో ఈవ్ అలాన్ బార్డ్, డేవిడ్ ఎడ్గర్, హాన్స్ థోనెన్ దీన్ని పంది మెదడు నుంచి శుద్ధి చేసి వెలుగులోకి తెచ్చారు. నాడీకణపు పైపొరలో ఉండే ట్రాక్‌-బి అనే గ్రాహకానికి ఇది అంటుకున్నప్పుడు, కణం మనుగడకు తోడ్పడే సంకేత మార్గాలు లోపల పనిచేయడం మొదలుపెడతాయి. అల్జీమర్స్, హంటింగ్టన్ వ్యాధుల్లోనూ కుంగుబాటులోనూ దీని పరిమాణం తగ్గుతుందన్న నివేదికలు అనేకం ఉన్నందువల్ల, మందుల పరిశోధనలో గాని మూలికా సారాల పరిశోధనలో గాని ‘ఇది బీడీఎన్‌ఎఫ్‌ను పెంచింది’ అన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యం చాలాసార్లు ఒక యాంటీబాడీ (ఒక నిర్దిష్ట ప్రొటీన్‌కు అంటుకునే రోగనిరోధక ప్రొటీన్) మీద, ఒక వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో పరిమాణం ప్రకారం విడదీసి, ఒక పొర మీదికి బదిలీ చేసి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) మీద ఆధారపడి ఉంటుంది. ఆ యాంటీబాడీ నిజంగా బీడీఎన్‌ఎఫ్‌నే పట్టుకుంటోందా అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం. హైదరాబాద్‌లో గాని మరెక్కడైనా గాని ఈ పనిలోకి కొత్తగా అడుగుపెట్టే పరిశోధక విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ క్రమాన్ని వివరిస్తున్నాను.

వెతుకుతున్నది ఏ రూపాన్ని?

బీడీఎన్‌ఎఫ్ ఒకే పరిమాణంలో ఉండే ప్రొటీన్ కాదు. మానవ కణం దీన్ని మొదట 247 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారు చేస్తుంది. మొదట్లో ఉండే సంకేత భాగం తెగిపోయాక మిగిలేది ప్రో-బీడీఎన్‌ఎఫ్. ఇది జెల్ మీద సుమారు 32 కిలోడాల్టన్ల (ప్రొటీన్ల అణుభారపు కొలమానం) దగ్గర గీతగా, అంటే బ్యాండ్‌గా, కనిపిస్తుంది. ఫ్యూరిన్ వంటి ఎంజైములు కణం లోపల, ప్లాస్మిన్ వంటివి కణం వెలుపల దీన్ని కత్తిరించినప్పుడు 119 అమైనో ఆమ్లాల పరిణత బీడీఎన్‌ఎఫ్ విడివడుతుంది; దాని బ్యాండ్ 13-14 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది. పరిణత రూపం ట్రాక్‌-బి ద్వారా కణాన్ని కాపాడితే, ప్రో రూపం పి75 అనే వేరొక గ్రాహకానికీ సార్టిలిన్‌కూ అంటుకొని, కొన్ని పరిస్థితులలో కణ మరణానికి దారితీస్తుంది. ఒకే జన్యువు నుంచి వచ్చిన రెండు రూపాలు దాదాపు ఎదురెదురు పనులు చేస్తున్నప్పుడు, రెంటినీ కలిపి ‘బీడీఎన్‌ఎఫ్’ అని కొలిస్తే వచ్చే అంకెకు జీవశాస్త్రపరమైన అర్థం చెప్పడం కష్టం. కాబట్టి ఏ రూపాన్ని కొలవదలచుకున్నారో ముందే ఒక వాక్యంలో రాసుకోండి. యాంటీబాడీ ఎంపిక అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ తరువాత ఒక చిన్న లెక్క వేసుకోవాలి. వయోజన చిట్టెలుక హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన భాగం) ఒక గ్రాము కణజాలానికి బీడీఎన్‌ఎఫ్ కొన్ని పదుల నానోగ్రాములకు మించి ఉండదు. కణజాలపు బరువులో ప్రొటీన్ సుమారు పదో వంతు అనుకుంటే, మనం జెల్‌లోని ఒక గడిలో నింపే 40 మైక్రోగ్రాముల ప్రొటీన్ 0.4 మిల్లీగ్రాముల కణజాలం నుంచి వచ్చినట్టు లెక్క. గ్రాముకు 30 నానోగ్రాములు ఉందనుకున్నా, ఆ గడిలో ఉండే బీడీఎన్‌ఎఫ్ మొత్తం 12 పికోగ్రాములు మాత్రమే. బాగా సున్నితమైన కెమిల్యూమినెసెన్స్ (రసాయన చర్యతో వెలుగు పుట్టించే) ద్రావణంతో కూడా ఇది అంచున ఉన్న పరిమాణం. అందువల్ల కొన్ని సెకన్ల ఎక్స్‌పోజరులోనే నల్లగా, దట్టంగా బ్యాండ్ వచ్చిందంటే సంతోషించే ముందు అనుమానించాలి.

యాంటీబాడీని ఎంచుకోవడం

పాలీక్లోనల్ యాంటీబాడీ ఒక జంతువు రక్తంలోని అనేక యాంటీబాడీల సమాహారం. ఆ జంతువు తరువాత మరో జంతువు వస్తుంది కనుక లాట్ (ఒక విడతలో తయారైన సరుకు) మారినప్పుడల్లా గుణం మారవచ్చు. మోనోక్లోనల్ యాంటీబాడీ ఒకే కణ వంశం నుంచి వస్తుంది కనుక నిలకడ ఎక్కువ. జన్యుక్రమం తెలిసిన రీకాంబినెంట్ మోనోక్లోనల్ దొరికితే ఇంకా మేలు. ధర కొంత ఎక్కువైనా, మూడేళ్ల పీహెచ్‌డీ మధ్యలో లాట్ మారి పాత ఫలితాలు తిరిగి రాని పరిస్థితితో పోలిస్తే అది తక్కువ ఖర్చే. 3సి11 వంటి మోనోక్లోనల్ క్లోన్లపై ప్రచురితమైన సమాచారం ఉంది కనుక, కేటలాగు బొమ్మ చూసి నిర్ణయించే బదులు క్లోన్ పేరుతో ప్రచురణలను వెతికి, వాటిలో నాకౌట్ (ఆ జన్యువును తొలగించిన) జంతువు కణజాలాన్ని పక్కన పెట్టి చూపారో లేదో చూడండి.

యాంటీబాడీని ఏ భాగానికి వ్యతిరేకంగా తయారు చేశారన్నది తరువాతి ప్రశ్న. పరిణత భాగానికి వ్యతిరేకంగా చేసినది 14 కిలోడాల్టన్ల రూపాన్నీ 32 కిలోడాల్టన్ల రూపాన్నీ రెంటినీ గుర్తించగలదు, ఎందుకంటే పరిణత భాగం ప్రో రూపంలో కూడా ఇమిడి ఉంటుంది. ప్రో భాగానికి వ్యతిరేకంగా చేసినది 32 కిలోడాల్టన్ల రూపాన్నీ, తెగిపడిన ప్రో ముక్కనూ చూస్తుంది తప్ప 14 కిలోడాల్టన్ల పరిణత రూపాన్ని చూడదు. ఈ తేడాను పరీక్షగా కూడా వాడుకోవచ్చు: రెండు రకాల యాంటీబాడీలూ 32 దగ్గర ఒకే చోట బ్యాండ్ చూపి, 14 దగ్గర ఒకటి చూపి మరొకటి చూపకపోతే మీ దారి సరిగ్గా ఉన్నట్టు. ఎన్‌జీఎఫ్, ఎన్‌టీ-3, ఎన్‌టీ-4 అనేవి ఇదే కుటుంబానికి చెందినవి, పరిణత భాగంలో దాదాపు సగం క్రమం కలుస్తుంది కనుక, యాంటీబాడీ వాటికి అంటుకోదని చూపిన సమాచారం కూడా అడగాలి. పరిణత బీడీఎన్‌ఎఫ్ క్రమం మనిషిలోను, చిట్టెలుకలోను, రాట్‌లోను ఒకటే కావడం మనకు కలిసివచ్చే విషయం.

వెస్టర్న్ బ్లాట్‌కు పనిచేసే యాంటీబాడీ ఎలైజాకు (ద్రవ నమూనాలో ప్రొటీన్ పరిమాణాన్ని యాంటీబాడీలతో కొలిచే పరీక్ష) పనికిరాకపోవచ్చు. దానికి విరుద్ధంగానూ జరగవచ్చు. బీడీఎన్‌ఎఫ్ సహజ స్థితిలో మూడు డైసల్ఫైడ్ బంధాలతో గట్టిగా మెలిపడి ఉంటుంది. ఆ ఆకారాన్నే గుర్తుపట్టే యాంటీబాడీకి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటులో మరిగించి బీటా-మెర్కాప్టోఇథనాల్‌తో బంధాలు తెంచిన ప్రొటీన్ పరాయిదే. కొనే ముందు మీ పద్ధతి పేరు, మీ జంతువు జాతి, మీ కణజాలం ఈ మూడూ తయారీదారు ఇచ్చిన సమాచారపత్రంలో ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

వచ్చిన సీసాను సంరక్షించడం

మన ఎండాకాలంలో పార్సిల్ ఒకటి రెండు రోజులు గోదాములో ఆగడం అరుదేమీ కాదు. పెట్టె తెరిచిన వెంటనే ఐస్ ప్యాకులు చల్లగా ఉన్నాయో లేదో చూసి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. సీసాను కొద్ది సెకన్లు సెంట్రిఫ్యూజ్ చేసి మూతకు అంటిన ద్రవాన్ని దించాలి. ఒకసారి వాడకానికి సరిపడేలా 10-20 మైక్రోలీటర్ల చొప్పున పంచి, ఎక్కడ ఉంచాలని సమాచారపత్రం చెబితే అక్కడ, చాలావాటికి మైనస్ 20 డిగ్రీల వద్ద, ఉంచండి. అప్పుడప్పుడూ తానే వేడెక్కి మంచును కరిగించుకునే రకం ఫ్రీజరు ఇందుకు పనికిరాదు. పదే పదే గడ్డకట్టి కరగడం యాంటీబాడీని పాడుచేసే ప్రధాన కారణం. నిల్వకోసం కలిపే సోడియం అజైడ్ విషపూరితమైనది. పైగా హెచ్‌ఆర్‌పీ ఎంజైము పనిని అడ్డుకుంటుంది కనుక, హెచ్‌ఆర్‌పీ జతచేసిన ద్వితీయ యాంటీబాడీని (ప్రాథమిక యాంటీబాడీకి అంటుకొని సంకేతం ఇచ్చేది) కలిపే బఫరులో అజైడ్ ఉండకూడదు.

కణజాలం, జెల్, బదిలీ

జంతువులపై చేసే ఏ పనికైనా సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి ముందే ఉండాలి. వీలైతే చల్లని సెలైన్‌తో రక్తాన్ని కడిగేశాకే మెదడును తీయండి. హిమోగ్లోబిన్ గొలుసులు సుమారు 16 కిలోడాల్టన్ల దగ్గర గుంపుగా చేరి, మనం వెతికే చోటికి చాలా దగ్గరగా అల్లరి చేస్తాయి. హిప్పోక్యాంపస్‌ను మంచుమీద త్వరగా వేరుచేసి, ద్రవ నైట్రోజన్‌లో ఘనీభవింపజేసి, మైనస్ 80 డిగ్రీల వద్ద ఉంచాలి. ట్రైస్, ఉప్పు, 1 శాతం ట్రైటాన్ ఎక్స్-100, ఈడీటీఏలతో కూడిన బఫరుకు, వాడే ముందు తాజాగా ప్రోటియేజ్ నిరోధకాలను కలపండి. ఈ నిరోధకాల విషయంలో పొదుపు పనికిరాదు, ఎందుకంటే కణజాలాన్ని నూరేటప్పుడు విడుదలయ్యే ఎంజైములు ప్రో రూపాన్ని అక్కడికక్కడే కత్తిరిస్తే, మీరు కొలిచే పరిణత-ప్రో నిష్పత్తి మెదడులోనిది కాదు, మీ ట్యూబులో తయారైనది.

పరిణత బీడీఎన్‌ఎఫ్ క్షార స్వభావం గల ప్రొటీన్ కావడంతో మామూలు ప్లాస్టిక్ గోడలకు అంటుకుపోతుంది. ముఖ్యంగా ప్రామాణికంగా వాడే శుద్ధ రీకాంబినెంట్ ప్రొటీన్‌ను పలుచన చేసేటప్పుడు, ప్రొటీన్ తక్కువగా అంటే ట్యూబులు తీసుకొని, బఫరులో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం అల్బుమిన్) కలపాలి. లేకపోతే పికోగ్రాముల స్థాయిలో లెక్క తప్పుతుంది.

బీసీఏ పద్ధతిలో ప్రొటీన్‌ను కొలిచి, గడికి 40-60 మైక్రోగ్రాములు నింపండి. 15 శాతం జెల్ గాని, 4-20 శాతం గ్రేడియెంట్ జెల్ గాని సరిపోతుంది. చిన్న ప్రొటీన్లను ఇంకా స్పష్టంగా విడదీయాలంటే ట్రైసీన్ జెల్ మంచిది. 10 కిలోడాల్టన్ల మార్కరు జెల్‌లోనే ఉండగా కరెంటు ఆపాలి. రంగు గీత కిందికి జారిపోయేదాకా వదిలేస్తే 14 కిలోడాల్టన్ల ప్రొటీన్ కూడా అంచుకు చేరుతుంది. బదిలీకి 0.45 మైక్రాన్ల రంధ్రాలున్న మెంబ్రేన్ బదులు 0.2 మైక్రాన్ల పీవీడీఎఫ్ వాడండి. పెద్ద రంధ్రాల గుండా చిన్న ప్రొటీన్ అవతలికి దాటిపోతుంది. మొదటిసారి చేసేటప్పుడు వెనకాల రెండో మెంబ్రేన్ పెట్టి, ప్రొటీన్ దాటిపోతోందా అని చూస్తే బదిలీ సమయం సులువుగా నిర్ణయించవచ్చు. బదిలీ అయ్యాక పాన్సో ఎస్‌తో రంగు వేసి, ఫొటో తీసి ఉంచుకోండి. తరువాత గడుల మధ్య సమానత్వాన్ని నిర్ధారించడానికి, ఒక్క బీటా-ఆక్టిన్ మీద ఆధారపడడం కంటే ఈ మొత్తం ప్రొటీన్ రంగే మెరుగైన ఆధారం.

యాంటీబాడీ సాంద్రతను ‘1:1000’ అని మాత్రమే రాసుకోవడం చాలదు, ఎందుకంటే మూల ద్రావణపు సాంద్రత ఒక్కో సీసాకు ఒక్కోలా ఉంటుంది. మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో లెక్కకట్టి, 0.1 నుంచి 2 దాకా నాలుగైదు సాంద్రతలు ప్రయత్నించండి. 5 శాతం పాలపొడి లేదా బీఎస్‌ఏ ఉన్న టీబీఎస్‌టీ బఫరులో ఒక గంట బ్లాకింగ్ (మెంబ్రేన్‌పై ఖాళీ చోట్లను కప్పడం), 4 డిగ్రీల వద్ద రాత్రంతా ప్రాథమిక యాంటీబాడీ, మూడుసార్లు కడుగు, ఒక గంట ద్వితీయ యాంటీబాడీ, మళ్లీ కడుగు: ఇది అందరికీ తెలిసిన క్రమమే. నేపథ్యం పెరగకుండా బ్యాండ్ స్పష్టమయ్యే సాంద్రత ఎక్కడుందో అక్కడ ఆగాలి.

వచ్చిన బ్యాండ్‌ను ప్రశ్నించడం

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. 14 కిలోడాల్టన్ల పరిసరాల్లో మెదడు కణజాలంలో బీడీఎన్‌ఎఫ్ కంటే వేల రెట్లు ఎక్కువగా ఉండే ప్రొటీన్లు ఉన్నాయి. మైలిన్ బేసిక్ ప్రొటీన్ రూపాల్లో ఒకటి చిట్టెలుకలో సరిగ్గా 14 కిలోడాల్టన్లది. హిస్టోన్లు 11 నుంచి 17 దాకా వరుసగా నిలబడతాయి. హిమోగ్లోబిన్ సంగతి ముందే చెప్పాను. ఇవన్నీ బీడీఎన్‌ఎఫ్‌లాగే చిన్నవి, కొన్ని దానిలాగే క్షార స్వభావం కలవి. యాంటీబాడీకి వీటిలో దేనితోనైనా అతి బలహీనమైన పొత్తు ఉన్నా, దాని సమృద్ధి వల్లనే బ్యాండ్ దట్టంగా కనిపిస్తుంది. పరిమాణం సరిపోయినంత మాత్రాన గుర్తింపు పూర్తి కాలేదన్నది ఇందుకే.

కొన్ని ప్రచురణల్లో 28 కిలోడాల్టన్ల దగ్గరి బ్యాండ్‌ను పరిణత బీడీఎన్‌ఎఫ్ జంటగా చూపిస్తారు. రెండు పరిణత అణువులు జంటగా ఉండే మాట నిజమే గాని, వాటిని కలిపి ఉంచేది సమయోజనీయ బంధం కాదు. ఎస్‌డీఎస్‌లో మరిగిస్తే ఆ జంట విడిపోవాలి. అదే సమయంలో, చిట్టెలుక కణజాలంపై చిట్టెలుకలో తయారైన యాంటీబాడీని వాడితే, కణజాలంలో మిగిలిన రక్తపు ఇమ్యునోగ్లోబులిన్ తేలిక గొలుసు 25 కిలోడాల్టన్ల దగ్గర ద్వితీయ యాంటీబాడీకి దొరుకుతుంది. ప్రాథమిక యాంటీబాడీ లేకుండా ద్వితీయం ఒక్కటే వేసిన మెంబ్రేన్ ముక్క ఈ సందేహాన్ని ఒక్క పూటలో తీరుస్తుంది. దానిని ఏ ప్రయోగంలోనూ మానవద్దు.

అన్నిటికన్నా బలమైన రుజువు, జన్యువును తొలగించిన జంతువు కణజాలం. అదే జెల్‌పై, అదే పరిమాణంలో, పక్క గడిలో దాన్ని నింపినప్పుడు బ్యాండ్ పూర్తిగా మాయమైతేనే అది బీడీఎన్‌ఎఫ్. ఇందులో ఒక చిక్కుంది. శరీరమంతటా బీడీఎన్‌ఎఫ్ లేని చిట్టెలుకలు చాలావరకు పుట్టిన కొద్ది వారాల్లోనే చనిపోతాయి. అంత లేత వయసులో సాధారణ పిల్లల మెదడులోనే బీడీఎన్‌ఎఫ్ తక్కువగా ఉంటుంది కనుక పోలిక బలహీనపడుతుంది. క్రె-లాక్స్‌పీ పద్ధతిలో మెదడు ముందు భాగంలో మాత్రమే జన్యువును తొలగించిన వయోజన జంతువు దీనికి మెరుగైన జవాబు. మీ సంస్థలో అలాంటి జంతువులు లేకపోతే, ఉన్న పరిశోధనశాలకు ఉత్తరం రాసి కొద్ది మిల్లీగ్రాముల కణజాల సారాన్ని అడగండి. శాస్త్రలోకంలో ఇలా అడగడం మామూలే, అందులో నామోషీ ఏమీ లేదు. జన్యువు ఒక ప్రతి మాత్రమే ఉన్న హెటెరోజైగస్ జంతువులో బ్యాండ్ దాదాపు సగానికి తగ్గాలి. తగ్గకపోతే, మీ సంకేతం బీడీఎన్‌ఎఫ్ పరిమాణాన్ని అనుసరించడం లేదన్నమాట. పెంచిన నాడీకణాలపై పనిచేసేవారు ఎస్‌ఐఆర్ఎన్‌ఏ (జన్యువు వ్యక్తీకరణను తగ్గించే చిన్న ఆర్ఎన్‌ఏ) లేదా క్రిస్పర్‌తో ఇదే ప్రశ్న వేయవచ్చు.

రీకాంబినెంట్ బీడీఎన్‌ఎఫ్‌ను 50, 100, 200 పికోగ్రాముల చొప్పున నింపితే యాంటీబాడీ సున్నితత్వం తెలుస్తుంది. దీన్ని విడిగా కాకుండా, ఒక గడిలో నాకౌట్ సారంలో కలిపి నింపండి. కణజాలంలోని ఇతర ప్రొటీన్ల మధ్య కూడా అది అదే ఎత్తున నిలబడుతుందో లేదో అప్పుడే తేలుతుంది. ప్రో-బీడీఎన్‌ఎఫ్ ప్రామాణికం బ్యాక్టీరియాలో తయారైనదైతే దానికి చక్కెర గొలుసులు ఉండవు కనుక, మెదడులోని ప్రో రూపం కంటే కాస్త కిందుగా కనిపించడం సహజం. హెచ్‌ఈకే293 అనే ప్రయోగశాల మానవ కణాల్లో జన్యువును అధికంగా వ్యక్తీకరించి, అందులో చక్కటి బ్యాండ్ వచ్చిందని యాంటీబాడీని ఆమోదించడం నేను అంగీకరించలేను. అక్కడ ప్రొటీన్ ఎన్నో రెట్లు ఎక్కువ, మెదడులో పికోగ్రాములు. తయారీకి వాడిన పెప్టైడ్‌తో ముందుగా కలిపి బ్యాండ్ పోగొట్టే పరీక్ష కూడా ఇంతే: యాంటీబాడీ ఆ పెప్టైడ్‌కు అంటుకుంటుందని మాత్రమే చెబుతుంది, బ్యాండ్‌లో ఉన్నదెవరో చెప్పదు.

ఎంఆర్ఎన్‌ఏతో (ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు నకలు) సరిపోల్చేటప్పుడు మెదడు నిర్మాణాన్ని మరవకూడదు. మెదడు లోపలి భాగమైన స్ట్రయాటమ్‌లో బీడీఎన్‌ఎఫ్ ఎంఆర్ఎన్‌ఏ దాదాపు ఉండదు. అక్కడి ప్రొటీన్ చాలావరకు కార్టెక్స్‌లో తయారై ఆక్సాన్ల గుండా చేరుతుంది. అక్కడ రెండు కొలతలూ కలవలేదని మంచి యాంటీబాడీని తప్పుపట్టకూడదు.

కణజాల ఛేదాలు, సీరం

ఛేదాల (కణజాలపు పలుచని కోతల) మీద రంగు వేసేటప్పుడు పరిమాణం చూపే జెల్ ఉండదు కనుక నాకౌట్ ఛేదం అవసరం రెట్టింపవుతుంది. నమ్మదగిన పద్ధతిలో చేసినప్పుడు హిప్పోక్యాంపస్‌లో మోసీ ఫైబర్ల దారి వెంబడి బలమైన సంకేతం కనిపించాలి. ప్రతి కణం, ప్రతి కేంద్రకం సమంగా మెరిస్తే అది బీడీఎన్‌ఎఫ్ పంపకం కాదు.

రక్తం విషయంలో జంతువు జాతి చాలా ముఖ్యం. మనిషిలోను, రాట్‌లోను ప్లేట్‌లెట్లు బీడీఎన్‌ఎఫ్‌ను దాచుకుంటాయి. రక్తం గడ్డకట్టినప్పుడు అది సీరంలోకి వస్తుంది. అందుకే సీరంలో విలువలు ప్లాస్మాలో కంటే ఎంతో ఎక్కువ. గడ్డకట్టడానికి ఇచ్చిన సమయం ఒక నమూనాకు అరగంట, మరోదానికి రెండు గంటలు అయితే ఆ తేడా జబ్బు వల్ల వచ్చినది కాకపోవచ్చు. చిట్టెలుక ప్లేట్‌లెట్లలో బీడీఎన్‌ఎఫ్ ఉండదు, దాని సీరంలో గుర్తించదగినంత దొరకదని 1996 నాటికే చూపించారు. కాబట్టి మీ ఎలైజా కిట్‌ను పరీక్షించడానికి చిట్టెలుక సీరం తేలికగా దొరికే ప్రతికూల నియంత్రణ: అందులో కూడా కిట్ గణనీయమైన అంకెలు చూపితే, ఆ కిట్ చెప్పే మిగతా అంకెలను ప్రచురించవద్దు.

ఫలితాలు రాసేటప్పుడు

యాంటీబాడీ తయారీదారు, కేటలాగు సంఖ్య, క్లోన్, లాట్ సంఖ్య, ఆర్ఆర్ఐడీ (పరిశోధన వనరులకు ఇచ్చే ప్రత్యేక సంఖ్య) గుర్తింపు, మిల్లీలీటరుకు వాడిన మైక్రోగ్రాములు, గడికి నింపిన ప్రొటీన్, ఎక్స్‌పోజరు సమయం ఇవన్నీ పద్ధతుల విభాగంలో ఉండాలి. 14 కిలోడాల్టన్ల చుట్టూ సన్నని పట్టీగా కత్తిరించిన బొమ్మ చాలదు. మార్కర్లతో సహా మెంబ్రేన్ మొత్తాన్ని, నాకౌట్ గడితో కలిపి, అనుబంధంలో ఇవ్వండి. రెండు రూపాల విలువలను విడివిడిగా చూపండి. కొత్త లాట్ తెచ్చిన ప్రతిసారీ, పాత లాట్‌లో మిగిలిన కొద్ది భాగంతో ఒకే జెల్‌పై పక్కపక్కన పోల్చి, ఆ చిత్రాన్ని తేదీతో సహా పరిశోధనశాల రికార్డులో భద్రపరచండి.